కంకరరాయి – రంగుపూత

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, బెంగళూరు పోవు రహదారిపై శంషాబాద్ ఉన్నది. తెల్లవారుజామున ఆ దారిప్రక్క నిలిచి చూచినచో, షాద్‌నగర్ వైపునుండి కూరగాయల గంపలతోను పాలక్యానులతోను నగరమునకు పోవు పికప్ వ్యానులు వరుసగా కనిపించును. వానిలో ఏ ఒక్కదాని ముందుభాగమును దగ్గరగా పరీక్షించినను ఇంజను కప్పు అంచున, దీపముల చుట్టును, చక్రముల వెనుక తలుపుల అడుగున కందిగింజంత, పెసరగింజంత మచ్చలు అగపడును. క్రొత్త బండిపై ఆ మచ్చలు తెల్లగానో బూడిదరంగుగానో ఉండును. రెండు మూడు వానకాలములు చూచిన బండిపై అవి ఎర్రబారి, వాని చుట్టును రంగు పొక్కి లేచి ఉండును.

ఇవి రాతిదెబ్బలు, దారిలో ఎగిరిన చిన్న కంకరరాళ్లు తగిలి రంగు పెచ్చులూడిన చోట్లు. అప్పు చేసి కొన్న వ్యానుపై బ్రతుకు సాగించు కుటుంబమునకు ఇది అందచందముల ప్రశ్న కాదు. ఆ మచ్చగుండా త్రుప్పు ప్రవేశించును. రేకుకు చిల్లులు పడును. బండిని అమ్మబోయిననాడు ధర పడిపోవును. రాయి చూడబోయిన శనగగింజంత. దానిని ఎదుర్కొనుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్ర మాత్రము నూరేండ్లకు పైబడినది. ఆ చరిత్రలో మొదట అందరును గట్టిదనమును వెదకిరి. తుదకు గెలిచినది మెత్తదనము.

రాయి ఎట్టిది?

శంషాబాద్ చుట్టుపట్ల ఎటు చూచినను, ఎవరో పెద్ద గుండ్లను తెచ్చి ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండు గుట్టలు కనిపించును. అవి గ్రానైటు శిలలు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారి గడ్డకట్టుటచే అవి ఏర్పడినవి. మెల్లగా చల్లారినందున వానిలోని స్ఫటికములు కంటికి కనబడునంత పెద్దవిగా పెరిగినవి. ఆ స్ఫటికములలో ముఖ్యమైనవి రెండు: గాజువలె మెరయు క్వార్ట్జు, అనగా పలుగురాయి; గులాబి రంగునో బూడిదరంగునో గల ఫెల్డ్‌స్పారు.

ఖనిజముల కాఠిన్యమును పోల్చి చూచుటకు ఫ్రెడరిక్ మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1812లో ఒక కొలమానమును ఏర్పరచెను. ఏ ఖనిజము దేనిని గీయగలదో చూచి అతడు పది మెట్లు నిర్ణయించెను. అన్నిటికంటె మెత్తనైన టాల్కు, అనగా బలపపురాతి జాతి ఖనిజము, మొదటి మెట్టుపై ఉండగా వజ్రము పదవ మెట్టుపై ఉన్నది. ఈ వరుసలో ఫెల్డ్‌స్పారు కాఠిన్యము 6, క్వార్ట్జు కాఠిన్యము 7. కిటికీ అద్దము సుమారు 5½ వద్ద నిలుచును. బండి చేయు మెత్తని ఉక్కురేకు ఇంకను దిగువన ఉండును. దానిపై పూసిన రంగు రేకుకంటెను మెత్తన. కావున గ్రానైటుముక్కతో గట్టిదనమున పోటీపడి గెలువగల రంగు ఎన్నడును పుట్టదు.

ఇందు మరియొక విశేషము కలదు. ఏటిలో దొర్లిన గులకరాయికి అంచులు అరిగి నునుపెక్కును. యంత్రములో నలిగి పగిలిన కంకరకు అంచులు కత్తివాదరలవలె ఉండును. అట్టి ముక్కలు ఒకదానితో ఒకటి బిగిసికొని కదలక నిలుచును గనుక దారి వేయుటకు అవియే శ్రేష్ఠము. దారికి మేలుచేయు ఆ అంచే రంగుకు శత్రువు.

ఎడ్లబండి నుండి మోటారు బండికి

పగులగొట్టిన చిన్న రాళ్లను పొరలుగా పరచి గట్టి దారిని వేయు పద్ధతిని పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున స్కాట్లండు దేశస్థుడు జాన్ లౌడన్ మెకాడమ్ ప్రచారమునకు తెచ్చెను. పైపొరలో వేయు రాయి ఆరు ఔన్సులు, అనగా సుమారు 170 గ్రాములు, మించరాదని అతని నియమము. బండ్ల ఇనుపకమ్ముల క్రింద రాళ్ల అంచులు కొంత నలిగి పొడియగును. ఆ పొడి వాననీటితో కలిసి రాళ్ల సందులలో దిగి సున్నమువలె వానిని పట్టి ఉంచును. అనగా దారిపై నడచు బండియే దారిని గట్టిపరచెడిది. ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోదు. దాని చక్రము క్రింద రాయి నలుగునే కాని ఎగురదు. బండివాడు తన బండికి చేయవలసిన రక్షణ ఇరుసుకు ఆముదపు కందెన పెట్టుటతో తీరెడిది.

మోటారు బండి ఈ ఏర్పాటును తలక్రిందులు చేసెను. రబ్బరు టైరు రాతిని నలుపదు. అది వేగముగా దొర్లునపుడు సందులలోని దుమ్మును పైకి లేపి గాలికి వదలును. దుమ్ము పోగా రాళ్ల పట్టు సడలును. సడలిన రాయి టైరు గాడిలో చిక్కుకొని ఎగురును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున దేశదేశములందు దారులు పాడగుటకు ఇదియే హేతువు. ఇంగ్లండులో ఎడ్గర్ పర్నెల్ హూలీ అను ఇంజనీరు రాతిని తారుతో కలిపి పరచు పద్ధతికి 1902లో పేటెంటు పొందెను. దుమ్ముకు బదులు తారు రాళ్లను బంధించెను.

హైదరాబాదు రాజ్యమున 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే యొక్క రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను బస్సులు నడుపనారంభించెను. నేటి రోడ్డు రవాణా సంస్థలకు మూలము ఇదియే. నగరము దాటిన పిమ్మట ఆ కాలపు దారులలో కంకరవి, మొరమువి ఎక్కువ. తరువాతి దశాబ్దములలో తారు వచ్చినది. వారణాసి నుండి కన్యాకుమారి వరకు పోవు 7వ నంబరు జాతీయ రహదారి శంషాబాద్ మీదుగా సాగినది. 2010లో జరిగిన మార్పులలో దానికి 44వ నంబరు ఇయ్యబడినది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయము ప్రారంభమైనది. అదే సంవత్సరమున గచ్చిబౌలి–శంషాబాద్ నడుమ బాహ్యవలయ రహదారి తొలిభాగము తెరువబడినది. కట్టడములు పెరిగినవి, వానికి కంకర మోయు టిప్పరులు పెరిగినవి. దారి నునుపెక్కినది, బండి వేగము హెచ్చినది. నున్నని దారిపై టిప్పరునుండి జారిన ఒక్క రాయి ఏమి చేయగలదో తెలియుటకు చిన్న లెక్క చాలును.

దెబ్బ లెక్క

రాయి వచ్చి బండిని కొట్టినదని అందరును అందురు. చాల సందర్భములలో జరుగునది వేరు. ముందు బండి చక్రము నుండి విడివడిన రాయి కొంత ఎత్తుకు లేచి, ముందుకు పోవు వేగము అంతగా లేక, గాలిలో తేలుచున్నట్లుండును. వెనుక వచ్చు బండి తన పూర్తి వేగముతో పోయి దానిని గుద్దుకొనును. కావున దెబ్బ బలము ముఖ్యముగా మన బండి వేగముపై ఆధారపడును.

ఒక గ్రాము కంకరముక్కను గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వ్యాను తాకినదనుకొందము. అది సెకనుకు సుమారు 22 మీటర్లు. అప్పటి గతిశక్తి సుమారు పావు జౌలు. 25 గ్రాముల తూకపురాయిని ఒక మీటరు ఎత్తునుండి రేకుపై జారవిడిచినచో అంతే శక్తి కలుగును. చూచుటకు ఇది స్వల్పమే. అయితే ఆ శక్తి అంతయు సూదిమొనవంటి ఒక అంచుపై, సెకనులో వెయ్యవ వంతుకంటె చాల తక్కువ కాలములో ఖర్చగును. వేగము సగమై 40 కిలోమీటర్లకు తగ్గినచో శక్తి సగము కాదు, నాలుగవ వంతగును. ఎదురుగా 80 కిలోమీటర్ల వేగమున వచ్చు వాహనమునుండి జారిన రాయి అదే వేగముతో తగిలినచో శక్తి నాలుగు రెట్లై ఒక జౌలు వరకు పోవును.

ఆ క్షణమున రేకు లోపలికి కొద్దిగా వంగును. దానితోపాటు రంగు కూడ వంగవలెను. వంగగలిగిన రంగు నిలుచును. వంగలేనిది చిట్లి, పొర విడిపోయి, పెచ్చుగా ఎగిరిపోవును.

గట్టి రంగుల కాలము

గుర్రపుబండ్ల కాలమున రంగులకు ఆధారము అవిసెనూనె. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని ఆ నూనె క్రమముగా గట్టిపడి పొర కట్టును. పూతపై పూత వేసి, ఆరబెట్టి, నునుపుచేసి, పైన వార్నిషు పూయుటకు వారముల కాలము పట్టెడిది. తొలినాటి మోటారు బండ్లకును ఇదే పద్ధతి. ఈ పొర క్రొత్తలో కొంత సాగును. అయితే ఆమ్లజనిని పీల్చుట అంతటితో ఆగదు. ఏండ్లు గడచిన కొలది పొర బిరుసెక్కి పగుళ్లు విచ్చును.

బండ్లు వేల సంఖ్యలో తయారగునపుడు వారముల తరబడి కాచుకొనుట సాధ్యము కాదు. ఫోర్డు కంపెనీ 1914 నుండి 1925 వరకు తన ప్రసిద్ధమైన ‘మోడల్ టి’ కారును నల్లరంగులోనే తయారుచేసెను. ఆస్ఫాల్టుతో చేసి పొయ్యిలో కాల్చిన నల్లపూత త్వరగా గట్టిపడెడిది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ‘డ్యూకో’ అను నైట్రోసెల్యులోజు పూతను ప్రవేశపెట్టెను. తుపాకీదూది జాతి పదార్థమును ద్రావకములలో కరగించి చేసిన ఈ పూత కొన్ని గంటలలో ఆరును. ఏ రంగులోనైనను దొరకును. 1924 నాటి ఓక్లండు కార్లు నీలిరంగుతో బజారున దిగినవి.

ఈ విజయమునకు ఒక లోపమున్నది. నైట్రోసెల్యులోజు తనంత తాను పెళుసైనది. రాతి దెబ్బకు అది గాజువలె చిట్లును. దానికి కొంత మెత్తదనమును కల్పింపక తప్పదయ్యెను. అందుకు రసాయన శాస్త్రజ్ఞులు ఉపయోగించిన మృదుకారులలో ఆముదము ఒకటి. అనగా ఎడ్లబండి ఇరుసుకు కందెనైన నూనె, మోటారు బండి రంగులోనికి మరియొక ద్వారమున ప్రవేశించెను.

ఆముదము నేర్పిన పాఠము

శంషాబాద్‌కు దక్షిణమున పాలమూరు వరకు, తూర్పున నల్లగొండ వరకు వ్యాపించిన మెట్టభూములు ఆముదపు పంటకు ప్రసిద్ధికెక్కినవి. గ్రానైటు శిథిలమై ఏర్పడిన ఎర్రచెల్కలలో, వర్షాధారమున, ఇతర పంటలు వాడిపోవు చోట ఆముదము నిలుచును. నేడు దేశములో ఆముదపు పంటకు గుజరాతు అగ్రస్థానమున ఉన్నది. అయినను ఈ పంటపై పరిశోధన హైదరాబాదు పరిసరములను విడువలేదు. రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదముపై పనిచేయుచున్నది. ఆ సంస్థ పరిశోధన క్షేత్రము ఒకటి శంషాబాద్ దాపున నర్కోడలో కలదు.

ఆముదమున దాదాపు నూటికి 90 వంతులు రిసినోలియిక్ ఆమ్లము ఉండును. ఇతర నూనెల అణువులలో లేని ఒక హైడ్రాక్సిల్ సమూహము, అనగా ఒక ఆమ్లజని, ఒక ఉదజని కలిసిన కొక్కెము, దీని అణువుకు మధ్యభాగమున వ్రేలాడుచుండును. ఆముదము చిక్కగా నుండుటకు కారణము ఈ కొక్కెమే. రంగుల పరిశ్రమ దీనిని రెండు విధముల వాడుకొన్నది.

మొదటిది, కొక్కెమును ఊడదీయుట. ఆముదము సహజముగా ఆరని నూనె. దానిని తగిన ఆమ్లముతో కాచినచో కొక్కెము నీరుగా మారి వెడలిపోవును. మిగిలిన నూనె గాలిలో చక్కగా ఆరును. చీనాదేశపు టంగ్‌నూనె యుద్ధముల వలన దుర్లభమైన 1930, 40 దశకములలో ఈ విధముగా మార్చిన ఆముదము దాని స్థానమును చాలవరకు పూరించెను. ఆల్కిడ్ రంగులలో దీనిని కలిపినచో పూత అంతగా పసుపుబారదు, బిరుసెక్కదు. హైదరాబాదులో 1944లో స్థాపింపబడిన కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనశాలలు 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారినవి. 1989 నుండి వాని పేరు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. ఆముదమును రంగులకు, పూతలకు పనికివచ్చునట్లు మార్చు విషయమున ఇచట విశేషమైన కృషి జరిగినది.

రెండవది, కొక్కెమును తగిలించుట. 1937లో జర్మనీలో ఆటో బేయరు, అతని సహచరులు ఐసోసయనేటులను హైడ్రాక్సిల్ గల పదార్థములతో సంయోగపరచి పాలియురిథేనులను కనుగొనిరి. ఆముదములోని హైడ్రాక్సిల్ కొక్కెమును ఐసోసయనేటు అందుకొన్నచో నూనె రబ్బరువంటి ఘనపదార్థమగును. పాలియురిథేను నిర్మాణము నులకమంచమును పోలియుండును. మంచపు కోళ్లు, పట్టెలు కదలవు. నడుమ త్రాళ్లు సాగును. కూర్చున్నవాని బరువుకు త్రాళ్లు లోపలికి దిగి, లేవగానే పూర్వస్థితికి వచ్చును. అట్లే పాలియురిథేను అణువులో గట్టి ముడులును, మెత్తని పొడవైన భాగములును కలవు. రాయి తగిలినపుడు మెత్తని భాగములు సాగి దెబ్బను మ్రింగును. ముడులు పొరను తిరిగి యథాస్థానమునకు లాగును. రంగుల చరిత్రలో రాతికి సరియైన సమాధానము దొరకినది ఇచటనే.

ఉక్కును అంటియుండు పొరలు

ఎంత మంచి పూతయైనను ఎప్పుడో ఒకప్పుడు చిట్లక మానదు. కావున పైపొర ఊడినను రేకు బయటపడకుండ చూచుట రెండవ వ్యూహమైనది. థామస్ వాట్స్ కాస్లెట్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1906లో ఉక్కుపై ఫాస్ఫేటు పొరను కల్పించు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ పలుచని స్ఫటికపు పొర గరుకుగానుండి రంగును గట్టిగా పట్టుకొనును. 1960 దశకపు ఆరంభమున ఫోర్డు కర్మాగారములలో విద్యుత్తు సాయముతో తొలిపూత వేయు పద్ధతి అమలైనది. బండి శరీరమును నీటిలో కలిసిన రంగు తొట్టిలో ముంచి విద్యుత్తు ప్రవహింపజేసినచో, కుంచె చేరలేని మూలలకు సైతము పూత అంటును. 1970 దశకమున బండి శరీరమును ఋణధ్రువముగా చేయు పద్ధతి వచ్చి త్రుప్పును మరింత అరికట్టెను. చాల బండ్లలో రేకుకు జింకుపూత కూడ ఉండును. గీతపడిన చోట జింకు తాను ముందు కరగుచు ఇనుమును కాపాడును.

నేటి బండిపై ఫాస్ఫేటు మీద విద్యుత్‌పూత సుమారు 20 మైక్రానులు, మధ్యపూత 30 నుండి 40, రంగుపూత 15, పైన మెరుగుపూత 40 మైక్రానుల మందము ఉండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అన్నియు కలిసి రెండు తలవెంట్రుకల మందమైనను లేవు. ఇందు మధ్యపూతది త్యాగము చేయు పాత్ర. దెబ్బ తగిలినపుడు చీలిక ఆ పూతలోనే ఆగి, అడుగు విద్యుత్‌పూత రేకును అంటియుండునట్లు దానిని మెత్తగా తయారుచేయుదురు. మచ్చ తెల్లగానో బూడిదరంగుగానో కనబడినచో అడుగుపూత ఇంకను ఉన్నదనుకొనవచ్చును. మెరయు లోహము కనబడినచో ప్రమాదము ఆరంభమైనది.

లోహము బయటపడిన చోట నీరు, ఆమ్లజని చేరి చిన్న విద్యుత్‌ఘటము ఏర్పడును. ఇనుము ఒకచోట కరగును. ప్రక్కన రంగు అంచు క్రింద క్షారము పుట్టును. ఆ క్షారము రంగుకు, రేకుకు గల పట్టును వదలించును. రంగు పొక్కి లేచుటకు ఇదే కారణము. పైకి పెసరగింజంత కనబడు మచ్చ లోపల రూపాయిబిళ్లంత వ్యాపించి ఉండవచ్చును.

పూతల ఓర్పును కొలుచుటకు అమెరికా ఆటోమొబైలు ఇంజనీర్ల సంఘము ఒక పరీక్షను నిర్ణయించినది. సుమారు అరలీటరు గులకను, అనగా 9½ నుండి 16 మిల్లీమీటర్ల నడుమ పరిమాణము గల రాళ్లను, అణచిపెట్టిన గాలితో రంగుపలకపైకి చిమ్ముదురు. పిమ్మట ఊడిన పెచ్చుల సంఖ్యకు ఒక అంకెను, పరిమాణమునకు ఒక అక్షరమును ఇత్తురు. చలిలో పొర పెళుసెక్కును గనుక పలకను చల్లబరచియు ఈ పరీక్ష చేయుదురు.

హెలికాప్టరు రెక్కనుండి దిగివచ్చిన పొర

రంగుపైన మరియొక తొడుగును అంటించు ఆలోచన ఆకాశయానమునుండి వచ్చినది. వియత్నాం యుద్ధకాలమున అమెరికా హెలికాప్టర్ల తిరుగుడురెక్కల ముందంచులు ఇసుక దెబ్బలకు త్వరగా అరిగిపోయెడివి. లోహముకంటె మెత్తనైన పాలియురిథేను పట్టీని వానిపై అంటించి చూడగా అంచులు నిలిచినవి. క్రమముగా ఆ పట్టీ పందెపుకార్లకు, పిమ్మట సామాన్య వాహనములకు ప్రాకినది. తొలినాటి పొరలు ఎండకు పసుపుబారెడివి; వానిలోని ఐసోసయనేటు జాతి అందుకు కారణము. ఆ జాతిని మార్చిన పిమ్మట పొర అద్దమువలె స్వచ్ఛముగా నిలుచుచున్నది. నేటి పొర మందము సాధారణముగా 150 నుండి 200 మైక్రానులు, అనగా బండిపై నున్న రంగులన్నిటికంటె ఎక్కువ. పై చిన్న గీతలు ఎండవేడికి తామే పూడుకొను రకములును కలవు. చిరిగిన పొర మాత్రము పూడదు. ఈ పొరలలో అధికభాగము పెట్రోలియము సంతతివి. అయినను వానిని కాపాడు ధర్మము, ఆముదపు కొక్కెమును ఐసోసయనేటు పట్టుకొన్నప్పుడు పుట్టునట్టిదే.

విమానములు రాతిని మరియొక విధమునను ఎదుర్కొన్నవి. కంకర పరచిన పరుగుబాటలపై దిగుటకు బోయింగ్ కంపెనీ 1969లో తన 737-200 విమానమునకు ప్రత్యేక పరికరములను సమకూర్చెను. ముందుచక్రము వెనుక రాతిని అడ్డు పలక, ఇంజను ముందు రాళ్లు పైకి లేవకుండ గాలిని చిమ్ము గొట్టములు, పొట్టభాగమునకు రాపిడిని తట్టుకొను పూత అందలి ముఖ్యభాగములు. శంషాబాద్‌లో ఇట్టి పరికరముల అవసరమే లేదు. విమానాశ్రయములందు పరుగుబాటను పదేపదే పరీక్షించి, ఊడ్చి, రాతిముక్క లేకుండ చూచుట నియమము. అన్ని రక్షణలలోను ఉత్తమమైనది ఇదియే: ఎగురుటకు రాయి లేకుండ చేయుట.

వ్యాను యజమాని చేయదగినది

పొరను బండి అంతటికి అంటించుట ఖర్చుతో కూడినది. దెబ్బలు అధికముగా తగులు ఇంజను కప్పు ముందంచు, చక్రముల వెనుక తలుపు అడుగుభాగము, వెనుక చక్రముల ముందుభాగము అను చోట్లకు పట్టీలుగా అంటించినను ఉపయోగముండును. చక్రముల వెనుక వ్రేలాడు రబ్బరుచెక్కలు అందరికి అందుబాటులో నున్న సాధనము. అవి తన తలుపులనే గాక వెనుక వచ్చువాని బండిని కూడ కాపాడును. సామాను వేయు తొట్టికి పాలియురిథేను జాతి గరుకుపూత తగినది.

‘తొమ్మిది హెచ్ గట్టిదనము గల సిరామిక్ పూత’ అను ప్రకటనలను చూచి మోసపోరాదు. ఈ అంకె పెన్సిలు ముక్కుతో గీచి కొలిచినది. మోస్ వరుసలోని 9 కాదు. కొన్ని మైక్రానుల మందమే గల ఆ పూత మురికిని, నీటిని జారవిడుచును, రాతిదెబ్బను ఆపజాలదు. గట్టి పూతలకు తగిన చోట్లు వేరు. శంషాబాద్‌కు దాపున బాలాపూర్‌లోని అంతర్జాతీయ చూర్ణలోహశాస్త్ర, నూతన పదార్థముల ఉన్నత పరిశోధన కేంద్రము యంత్రభాగముల అరుగుదలను అరికట్టు కఠినమైన పూతలను సాధించినది. ఒరపిడికి గట్టిదనము మందు; దెబ్బకు మెత్తదనము మందు.

మెరయు లోహము కనబడిన మచ్చను వానకాలము రాకముందే పూడ్చవలెను. మచ్చను కడిగి ఆరబెట్టి, త్రుప్పు ఉన్నచో సన్నని గరుకుకాగితముతో తీసివేసి, మొదట అడుగుపూతను, పిమ్మట రంగును, చివర మెరుగుపూతను చిన్న కుంచెతో అద్దినచో చాలును. అరగంట పనితో ఒక తలుపు దక్కును. బండి అంతయు తిరిగి రంగు వేయించినచో వేరొక జాగ్రత్త అవసరము. రెండు భాగములు కలిపి చిమ్ము పాలియురిథేను రంగులలో ఐసోసయనేటు ఉండును. దాని తుంపరను పీల్చినవారికి ఉబ్బసము రాగలదు. ముక్కుకు గుడ్డ కట్టుకొనుట అందుకు చాలదు. బయటినుండి మంచిగాలి అందు ముసుగు ధరించి, గాలి బాగుగా వెడలు గదిలో ఆ పని చేయవలెను. రేకును కాపాడబోయి రంగులు వేయు పనివాని ఊపిరితిత్తులను పోగొట్టరాదు.

దారిపై పాటింపదగినది దూరము. మీటరున్నర ఎత్తుకు ఎగిరిన రాయి తిరిగి నేలకు చేరుటకు సుమారు 1.1 సెకను పట్టును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ వ్యవధిలో సుమారు 25 మీటర్లు పోవును. ముందు వాహనమునకు 45 మీటర్లు వెనుకగా, అనగా రెండు సెకనుల ఎడముతో పోయినచో, ఆ రాయి చాలవరకు మన బండి చేరకముందే నేలపై పడియుండును. ఈ రక్షణకు పైసా ఖర్చు లేదు.

కంకరను మోయు టిప్పరు యజమాని అంచులు దాటకుండ నింపి, పైన టార్పాలిన్ కప్పవలెను. తారు చల్లి చిప్స్ పరచిన పిమ్మట, రోలరు తిరిగి, వదులుగా మిగిలిన రాళ్లను ఊడ్చువరకు దారిపై వేగమును తగ్గింపవలెను. విమానాశ్రయపు గోడకు లోపల ప్రతి రాతిముక్కకు చీపురు సిద్ధముగా నున్నది. ఆ గోడకు వెలుపల, కూరగాయలు మోయు వ్యాను పోవు దారికి కూడ ఆ చీపురు చేరిననాడు, రంగుపూతలపై పడు భారము సగము తగ్గును.